అందరి తరఫునా నేనొక్కదాన్నే ఏం మాట్లాడను?

ప్రశ్న: మేడమ్, నేను యూనివర్సిటీలో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. నాకు కుడి చెవి అసలు వినపడదు. ఎడమ చెవికి మెషిన్ పెట్టుకుంటాను. మాట్లాడేవాళ్ళ పెదాలు కనిపిస్తే చాలావరకు అర్థమవుతుంది. లెక్చరర్ బోర్డు వైపు తిరిగితే మాత్రం అంతే సంగతులు. అందుకే క్లాసుకి ఇరవై నిమిషాల ముందే వెళ్ళి మొదటి వరసలో కుడి చివర సీటు పట్టుకుంటాను. పోయినవి రాత్రి స్నేహితురాలి నోట్సు చూసి ఎక్కించుకుంటాను. నెల క్రితం డైవర్సిటీ, ఇంక్లూజన్ కమిటీలో విద్యార్థుల తరఫున నన్ను సభ్యురాలిగా వేశారు. నేను అడగలేదు. మూడు నెలల్లో 'విద్యార్థుల దృక్పథం' అని ఒక రిపోర్టు ఇవ్వాలట. పోయినేడు చేసిన సర్వే కాగితాలు చేతిలో పెట్టారు. 'మన క్యాంపస్ అందరినీ కలుపుకుపోతోందని భావిస్తున్నారా?' అన్నదానికి ఎక్కువమంది అవునని టిక్ పెట్టారు. నేనూ అవుననే పెట్టాను మేడమ్, ఎందుకో తెలీదు. మొదటి మీటింగులో పొడుగాటి బల్ల చుట్టూ పన్నెండు మంది కూర్చుని ఒకరి మీద ఒకరు మాట్లాడారు. సగం అర్థం కాక తల ఊపుతూ కూర్చున్నాను. మొన్న బ్రోచర్ కోసం ఫొటో తీస్తూ, చెవి మెషిన్ కనిపించేలా జుట్టు వెనక్కి పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కమిటీలో ఉండాలా, తప్పుకోవాలా? తప్పుకుంటే మంచి అవకాశం పోతుందని నా స్నేహితురాలు అంటోంది. ఉంటే, అన్ని వేల మంది తరఫున నేనొక్కదాన్నే ఏం మాట్లాడను? నా ఇబ్బంది చెప్పుకుంటే స్వార్థం అంటారేమోనని కూడా టెన్షన్‌గా ఉంది. పేరు వేయకండి.

సమాధానం:

అమ్మా, వయసులో బాగా చిన్నదానివి కాబట్టి 'నువ్వు' అనే రాస్తున్నాను. ఏమీ అనుకోకు.

జుట్టు సంగతి చదివి నాకూ ఒళ్ళు మండింది. దాని గురించి చివర్లో చెబుతాను. నీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదువుకున్న వాక్యం వేరే ఉంది. 'నేనూ అవుననే పెట్టాను, ఎందుకో తెలీదు.' ఎందుకో నాకు తెలుసనుకుంటున్నాను. ఆ ప్రశ్న నిన్ను యూనివర్సిటీకి మార్కులెయ్యమంది. నీతో ఎవరూ దురుసుగా మాట్లాడలేదు, నోట్సు ఇచ్చే అమ్మాయి మంచిది, లెక్చరర్లు చెడ్డవాళ్ళు కారు. అలాంటప్పుడు కాదని పెట్టడానికి చెయ్యి రాదు, ఎవరిమీదో నేరం మోపినట్టుంటుంది. ఇరవై నిమిషాల ముందు వెళ్ళడం, రాత్రి కూర్చుని నోట్సు ఎక్కించుకోవడం నీ లెక్కలో యూనివర్సిటీకి సంబంధించినవే కావు. నీ సొంత తంటాలు. అందుకని అవి ఆ టిక్‌లోకి రాలేదు.

ఇంకా చాలామంది అలాగే పెట్టి ఉంటారు. వీల్‌చైర్‌లో వచ్చే అబ్బాయి ఉన్నాడనుకో. ర్యాంపు వెనకవైపు ఉంటే భవనం చుట్టూ తిరిగి రావడం అతనికి అలవాటైపోయి ఉంటుంది. ఇంట్లో ఒక భాష, క్లాసులో ఇంకో భాష అయినవాడు చెయ్యెత్తే ముందు వాక్యాన్ని మనసులో మూడుసార్లు కట్టి చూసుకుంటాడు. ఈలోపు చర్చ ఇంకెక్కడికో వెళ్ళిపోతుంది. సాయంత్రాలు ఉద్యోగం చేసుకునే అమ్మాయి, సాయంత్రాలే పెట్టే క్లబ్బు మీటింగుల్లో ఒక్కదానికీ వెళ్ళి ఉండదు. ఇంట్లో తనకన్నా ముందు ఎవరూ యూనివర్సిటీ గడప తొక్కనివాడైతే, విద్యార్థులు వచ్చి సందేహాలు అడగడానికి పెట్టిన టైమును 'ఆఫీస్ అవర్స్' అని తలుపు మీద రాసుంటే, అది లెక్చరర్ తన పని చేసుకునే టైము కాబోలు, తట్టకూడదు అనుకుంటాడు. వీళ్ళెవరినీ ఎవరూ ఏమీ అనలేదు. నలుగురూ 'అవును' అనే పెడతారు.

కాబట్టి ఆ ప్రశ్న పక్కన పడెయ్. 'ఇక్కడ చదువుకోవడానికి, నీ పక్కవాళ్ళు చేయనక్కర్లేని పని ఏదైనా నువ్వు చేయాల్సి వస్తోందా? పోయిన వారంలో జరిగింది ఒకటి చెప్పు' అని అడుగు. 'పోయిన వారం' అన్నమాట వదలకు. అది లేకపోతే జనం అభిప్రాయం చెబుతారు. అది ఉంటే గది నంబరు, టైము, ఎన్ని మెట్లు, ఏ ఫారం ఎన్నిసార్లు నింపారు, అవి చెబుతారు. అభిప్రాయాన్ని కమిటీ గౌరవంగా విని పక్కన పెట్టెయ్యగలదు. ఫలానా భవనం రెండో అంతస్తులో లిఫ్టు తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, అతను మధ్యాహ్నం భోజనానికి వెళ్తాడు అని రాస్తే, ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సిందే.

ఇంకొకటి, ఈ వ్యవహారాన్ని ఓట్ల లెక్కలోకి పోనివ్వకు. వెయ్యి మందిలో తొమ్మిది వందల అరవై మంది బాగుందన్నారనుకో, కమిటీ తొంభై ఆరు శాతం అని పెద్దక్షరాల్లో వేసుకుంటుంది. ఆ నలభై మంది ఎవరు, వాళ్ళకి ఏమైంది అన్నదే నీ రిపోర్టు. ఎక్కువమంది విద్యార్థులు ఒకటనుకున్నంత మాత్రాన అది న్యాయం అయిపోదు. కేంబ్రిడ్జిలో ఆడపిల్లలు 1881 నుంచీ మగపిల్లలు రాసే డిగ్రీ పరీక్షలే రాసేవాళ్ళు. పాసైనా డిగ్రీ మాత్రం ఇచ్చేవారు కాదు. ఇద్దామా అని 1897లో ఓటింగు పెడితే మగ విద్యార్థులు గుంపులుగా వచ్చి గోల చేశారు. సైకిలెక్కిన ఆడదాని బొమ్మ ఒకటి చేసి, ఓటింగు జరిగే భవనం ఎదురుగా వేలాడదీశారు. ప్రతిపాదన ఓడిపోయింది. 1921లో మళ్ళీ ఓడిపోయింది. ఆ సంబరంలో కొందరు కుర్రాళ్ళు న్యూన్‌హామ్ అనే ఆడపిల్లల కాలేజీ గేట్లు విరగ్గొట్టారు. పూర్తి డిగ్రీ దక్కింది 1948లో. ఆ రోజుల్లో ఎవరైనా 'విద్యార్థుల దృక్పథం' అని రిపోర్టు రాసి ఉంటే అందులో ఏముండేదో నువ్వే ఊహించుకో.

ఇక 'అందరి తరఫునా ఏం మాట్లాడను' అన్నావు. మాట్లాడకు. అది నీ పని కాదు, నిన్ను వేసినవాళ్ళు అలా అనుకున్నా సరే. ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. నేను పాతికేళ్ళు పాఠాలు చెప్పాను. ఒకసారి క్లాసులో వలసల గురించి చర్చ జరుగుతోంది. వెనక వరసలో వేరే దేశం నుంచి వచ్చి చేరిన అమ్మాయి ఉంది, ఎప్పుడూ నోరు విప్పదు. నేను చాలా ఉదారంగా, 'మీవాళ్ళు దీని గురించి ఏమనుకుంటారు?' అని అడిగాను. నలభై తలలు వెనక్కి తిరిగాయి. ఆ అమ్మాయి పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. 'తెలీదు మేడమ్' అంది. నిజమే కదా, తనకెలా తెలుస్తుంది, తనవాళ్ళేమైనా పదిమందా? నేను అడగాల్సింది 'నువ్వేమనుకుంటున్నావు' అని. అదీ చర్చలో తనంతట తను దూరినప్పుడు. ఆ టర్ములో మళ్ళీ ఆ అమ్మాయి నా క్లాసులో చెయ్యెత్తలేదు. నేను కలుపుకుపోతున్నాననుకుంటూ వేలెత్తి చూపించానన్నమాట.

రోజాబెత్ మాస్ కాంటర్ అనే సమాజశాస్త్రవేత్త 1977లో ఇదే విషయం ఆఫీసుల్లో గమనించి రాసింది. ఒక గుంపులో ఒకరో ఇద్దరో వేరుగా ఉన్నప్పుడు వాళ్ళ మీద అందరి కళ్ళూ పడతాయి. వాళ్ళు ఏం చేసినా 'వాళ్ళంతా ఇంతే' అన్న లెక్కలోకి పోతుంది. తప్పు చేస్తే తనవాళ్ళందరి పరువూ పోతుందన్న బరువు ఆ ఒక్కరి నెత్తిమీద ఉంటుంది. ఆ బల్ల దగ్గర నీకు అనిపించింది అదే. నీ పిరికితనం అనుకోకు. అందుకని ఉండాలా వద్దా అన్నదానికి నా జవాబు ఇది: ఒంటరిగా అయితే వద్దు. రెండో విద్యార్థి సభ్యుడో సభ్యురాలో కావాలని అడుగు. వాళ్ళు నీలాంటివాళ్ళే కానక్కర్లేదు. కానీ మీటింగు అయ్యాక బయటికొచ్చి 'నాకలా అనిపించింది, నీకూ అనిపించిందా?' అని అడగడానికి ఒక మనిషి ఉండాలి.

రెండో షరతు. రిపోర్టు ఎవరు చదువుతారు, ఏ తేదీలోపు జవాబు రాస్తారు, అందులో ఉన్నవి చేయడానికి డబ్బు ఎవరి చేతిలో ఉంది, ఈ మూడూ ముందే కాగితం మీద ఇవ్వమను. ఇవ్వకపోతే అది మొక్కుబడి కమిటీ. మొక్కుబడి కమిటీకి నీ సాయంత్రాలు ధారపోయక్కర్లేదు, చదువు చూసుకో. తప్పుకుంటే అవకాశం పోయినట్టేం కాదు. నీ స్నేహితురాలు మంచి మనసుతోనే చెబుతోంది కానీ, కుర్చీ ఇచ్చినంత మాత్రాన మాట ఇచ్చినట్టు కాదు.

కూర్చోవడానికే నిర్ణయించుకుంటే మాత్రం రిపోర్టు మొదటి పేజీ నీ చేతిలో ఇప్పటికే ఉంది. అందరినీ కలుపుకుపోవడం గురించి మాట్లాడడానికి పన్నెండు మంది కూర్చున్నారు, అందులో ఒకరికి సగం వినపడలేదు, ఆ సంగతి మిగతా పదకొండు మందికీ తెలియలేదు. ఇంతకన్నా ఏం కావాలి? ఫలానా తేదీన, ఫలానా గదిలో అని జరిగింది జరిగినట్టు రాయి. నిష్ఠూరం లేకుండా రాయి. దాని కింద ఏం కావాలో రాయి: ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగాలి, మాట్లాడేవాళ్ళు చెయ్యెత్తి మొదలుపెట్టాలి, తెర మీద క్యాప్షన్లు రావాలి, అజెండా ముందురోజే పంపాలి. వచ్చే మీటింగుకి ఇందులో ఎన్ని జరిగాయో రెండో పేజీలో రాయి. కమిటీ తన గదిలో చేయలేనిది క్యాంపస్‌లో చేస్తుందా అని నువ్వు అడగక్కర్లేదు, చదివినవాళ్ళే అడుగుతారు.

దీన్ని స్వార్థం అంటారేమో అన్నావు. ఎడ్ రాబర్ట్స్ అనే కుర్రాడు 1962లో బర్క్‌లీలో కాలిఫోర్నియా యూనివర్సిటీలో చేరాడు. పధ్నాలుగేళ్ళకు పోలియో వచ్చి మెడ కింద నుంచీ చచ్చుబడిపోయింది. రాత్రిళ్ళు ఊపిరి కోసం ఇనుప ఊపిరితిత్తి అనే పెద్ద యంత్రంలో పడుకోవాలి. దాని బరువు మూడున్నర క్వింటాళ్ళకు పైనే. దాన్ని మోసే గది ఏ హాస్టల్లోనూ లేకపోతే, క్యాంపస్ ఆసుపత్రిలో ఒక గది ఇచ్చారు. అతను అడిగింది తన గదే. ఆ తర్వాత అలాంటి తీవ్రమైన వైకల్యం ఉన్న ఇంకొందరు అదే ఆసుపత్రి అంతస్తుకు వచ్చి చేరారు. తమకు తామే 'రోలింగ్ క్వాడ్స్' (చక్రాల మీద తిరిగే, కాళ్ళూ చేతులూ చచ్చుబడినవాళ్ళు) అని సరదాగా పేరు పెట్టుకున్నారు. పక్కపక్కన ఉండి మాట్లాడుకుంటుంటే ఎవరి ఖర్మ వాళ్ళది అనుకున్నవన్నీ ఒకే జాబితా అని తేలింది: చక్రాల కుర్చీ పాడైతే బాగుచేసేవాళ్ళు లేరు, సాయానికి మనుషులు దొరకరు, ఉండడానికి మెట్లు లేని ఇల్లు దొరకదు. 1970లో యూనివర్సిటీలో వాళ్ళ చొరవతోనే దీనికో ప్రత్యేక కార్యక్రమం మొదలైంది. 1972లో యూనివర్సిటీ బయట ఊళ్ళోవాళ్ళకి కూడా స్వతంత్ర జీవన కేంద్రం వచ్చింది. మొదట్లో అదంతా ఒక కుర్రాడి గది గొడవ.

లెక్చరర్ స్లైడ్లు ముందురోజు పెట్టాలని నువ్వు అడిగితే, వాక్యం మూడుసార్లు కట్టుకునే ఆ అబ్బాయికీ పనికొస్తుంది. ఎవరికీ పనికిరాకపోయినా, అచ్చంగా నీ ఒక్కదానికే కావలసినా నువ్వు అడగచ్చు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 24వ అధికరణం ఉన్నత విద్యను కూడా పేరుపెట్టి చెబుతుంది. మిగతావాళ్ళతో సమానంగా చదువుకోవడానికి తగిన వెసులుబాటు ఇవ్వాలంటుంది. తగినంటే, ఇచ్చేవాళ్ళ మీద మోయలేని భారం పడనంతవరకు. అలాంటి వెసులుబాటు నిరాకరించడమే వివక్ష అని రెండో అధికరణంలో ఉంది. బోర్డు వైపు తిరిగి మాట్లాడకుండా ఉండడం ఏ లెక్చరర్‌కూ మోయలేని భారం కాదు.

ఇప్పుడు సర్వే విషయంలో ఒక జాగ్రత్త. పేర్లు రాయించుకోవడం లేదు కదా అని ధీమా పడకు. ఏ విభాగం, ఎన్నో ఏడాది, వైకల్యం ఉందా, ఈ మూడు గడులూ కలిపి చూడు. మీ విభాగంలో రెండో ఏడాదిలో చెవి మెషిన్ పెట్టుకునేది నువ్వొక్కదానివే అయితే, ఆ కాగితం మీద నీ పేరు రాసినట్టే. ఒక గుంపులో ఐదుగురికన్నా తక్కువమంది ఉంటే వాళ్ళ అంకెలు విడిగా వేయకూడదని చాలాచోట్ల పాటిస్తారు, కొందరు పదిమంది అంటారు. అది రిపోర్టులో మొదట్లోనే రాసి పెట్టు. అసలు కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయో కూడా తేల్చుకో. చెప్పినవాళ్ళకి తర్వాత ఇంటర్నల్ మార్కుల్లో దెబ్బ పడుతుందన్న భయం ఉత్తుత్తి భయం కాదు.

ఇది ఎంత ముఖ్యమో తెలిసినవాళ్ళు వాషింగ్టన్‌లోని గాలొడెట్ యూనివర్సిటీ విద్యార్థులు. వినికిడి లేనివాళ్ళ కోసం 1864 నుంచీ నడుస్తున్న యూనివర్సిటీ అది. 124 ఏళ్ళలో దానికి వినపడని అధ్యక్షుడు ఒక్కడూ లేడు. 1988 మార్చిలో యూనివర్సిటీ పాలక బోర్డు మళ్ళీ వినపడే వ్యక్తినే ఎంపిక చేస్తే విద్యార్థులు గేట్లు మూసేసి వారం రోజులు క్యాంపస్ ఆపేశారు. వాళ్ళు పెట్టినవి నాలుగే డిమాండ్లు. వినపడని అధ్యక్షుడు కావాలి, బోర్డు ఛైర్‌పర్సన్ దిగిపోవాలి, బోర్డులో సగానికి పైగా వినికిడి లేనివాళ్ళే ఉండాలి. నాలుగోది, ఉద్యమంలో ఉన్న ఎవరిమీదా కక్ష సాధింపు ఉండకూడదు. నాలుగూ సాధించుకున్నారు. వినికిడి లేని ఐ. కింగ్ జోర్డాన్ అధ్యక్షుడయ్యాడు. అందరూ మొదటి డిమాండ్ గురించి చెబుతారు కానీ నాకు నాలుగోదే నచ్చుతుంది. నోరు విప్పమని పిలిచేముందు విప్పినవాళ్ళని కాచుకునే ఏర్పాటు చూసుకున్నారు.

చదువు మధ్యలో మానేసి వెళ్ళిపోయినవాళ్ళని వదిలెయ్యకు. సర్వే ఎప్పుడూ ఉన్నవాళ్ళ చేతికే వెళుతుంది, అందుకే ఫలితం ఎప్పుడూ బాగుంటుంది. పోయిన రెండేళ్ళలో వెళ్ళిపోయినవాళ్ళలో నలుగురైదుగురు ఫోన్లో దొరికినా చాలు, ఆ రిపోర్టు రంగే మారిపోతుంది. మార్కులు తక్కువొచ్చి వెళ్ళారనే అందరూ చెబుతారు. మార్కులు తగ్గడానికి ముందు ఏం జరిగిందో అడుగు.

'మీకు నచ్చినవాళ్ళతో నలుగురేసి గ్రూపులు చేసుకోండి' అని లెక్చరర్ అన్నాక గడిచే ఆ అర నిమిషం గురించి కూడా అడుగు. ఎవరు ఎవరివైపు చూస్తారో, ఎవరు ఫోన్ తీసి ఏదో చదువుతున్నట్టు నటిస్తారో, చివరికి ఎవరిని లెక్చరర్ 'ఇతన్ని కూడా కలుపుకోండమ్మా' అని ఒక గ్రూపుకి అంటగడతారో. ఆ నిమిషాన్ని ఏ సర్వే ఫారమూ పట్టుకోలేదు. లెక్చరరే గ్రూపులు వేసేస్తే పైసా ఖర్చు లేకుండా చాలామందికి ఆ అవమానం తప్పుతుంది. నేను ఉద్యోగం మానేసే ముందు నాలుగేళ్ళు అలాగే చేశాను. మొదట్లో పిల్లలు గొణిగేవాళ్ళు, తర్వాత ఊరుకునేవాళ్ళు.

ఉత్తరంలో నువ్వు నేరుగా అనలేదు గానీ, నేనిక్కడ సరిపోనేమో అన్న బెంగ వాక్యాల మధ్యలో కనిపిస్తోంది. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. మొదటి ఏడాది విద్యార్థులకి ఒక గంట పనేదో ఇచ్చారు: ఈ బెంగ కొత్తలో అందరికీ ఉంటుంది, పోనుపోను తగ్గుతుంది అని సీనియర్లు చెప్పినవి చదివి, తమ మాటల్లో మళ్ళీ రాయడం. నల్లజాతి విద్యార్థుల మార్కులు తర్వాతి మూడేళ్ళలో మెరుగుపడ్డాయి. తెల్లజాతి విద్యార్థులతో ఉన్న తేడా సగానికి తగ్గింది. ఆ కబురు నీకూ చెబుదామనే రాశాను. కానీ ఇది మీ కమిటీ చేతికిస్తే ఎగిరి గంతేస్తుందేమోనని కూడా భయం. గంట వర్క్‌షాపు పెట్టి లిఫ్టు సంగతి మర్చిపోతారు. లిఫ్టు సంగతి రాశాకే దీన్ని రాయి.

ఫొటో. తీసేటప్పుడు ఒప్పుకున్నాను కదా, ఇప్పుడేం అంటాను అనుకుంటున్నావేమో. అచ్చుకు వెళ్ళేదాకా వద్దనే హక్కు నీకుంది. వెళ్ళాక కూడా వచ్చేసారి వేయొద్దని చెప్పచ్చు. ఫొటో అనేదే వద్దనడం లేదు నేను. నీకు నచ్చినట్టు జుట్టు వేసుకుని, నువ్వు చేసే పని చేస్తుండగా తీస్తే, నీకిష్టమైతే, భేషుగ్గా వేసుకోవచ్చు. ఈ రోజే ఒక మెయిల్ పెట్టు. పొడుగ్గా రాయకు, క్షమాపణ అసలే వద్దు. ఇలా చాలు:

'బ్రోచర్ కోసం మొన్న తీసిన నా ఫొటో వాడవద్దు. మళ్ళీ తీయాలంటే ముందు నన్ను అడగండి, ఎలా తీయాలో నేను చెబుతాను. వచ్చే మీటింగుకి తెర మీద క్యాప్షన్లు ఏర్పాటు చేస్తున్నారో లేదో ఈలోగా తెలియజేయగలరు.'